ఉగాదిని, రంజాన్‌ని ఒకే గాటన కట్టకండి: 2027 హాలిడే లిస్ట్ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ ఆఫీసు మాదాపూర్‌లో, క్లయింట్లు రియాద్, దుబాయ్, టెల్ అవీవ్, టోక్యోల్లో. 2027 హాలిడే లిస్ట్ పని మీ మీద పడింది. నెట్‌లో వెతికితే ఒక్కో సైట్‌లో ఒక్కో తేదీ కనిపిస్తోంది. అన్నిటికీ పనికొచ్చే క్యాలెండర్ ఒకటి ఉందా అని అడిగారు. ఈమధ్య ఉగాది, రంజాన్ పక్కపక్కనే వస్తున్నాయి కదా, 2027లో కూడా కలిపి వరుస సెలవులు వేసేయొచ్చా అని కూడా అడిగారు.

అలాంటి క్యాలెండర్ లేదు. కలిపి వేయడమూ కుదరదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. నేను హైదరాబాద్‌లో 22 ఏళ్లు షిఫ్ట్ రోస్టర్లు, పేరోల్ చూశాను. ఈ లిస్ట్ వల్ల తిన్న తిట్లు జీతం వల్ల కూడా తినలేదు.

ముందు ఆ ఉగాది, రంజాన్ సంగతి తేల్చేద్దాం. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, రెండు రోజులకే మార్చి 24న ఇక్కడ రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ పండుగ ఏప్రిల్ 11. 2025లో ఆదివారం ఉగాది, తెల్లారి సోమవారం రంజాన్. 2026లో ఉగాది మార్చి 19, రంజాన్ కూడా అదే వారంలో. చూసేవాళ్లకు రెండు పండుగలూ జంటగా తిరుగుతున్నట్టే ఉంటుంది. జంట నిజమే కానీ శాశ్వతం కాదు. ఉగాది అమావాస్య దాటిన పాడ్యమి. రంజాన్ పండుగ అమావాస్య తర్వాత నెలవంక కనిపించిన మర్నాడు. అంటే రెండూ అమావాస్యను పట్టుకునే ఉంటాయి. ఒకే అమావాస్యను పట్టుకున్నప్పుడు ఒకటి రెండు రోజుల తేడాతో వస్తాయి. వేరే వేరే అమావాస్యలను పట్టుకుంటే నెల తేడా వస్తుంది.

ఆ అమావాస్యను మార్చేది అధిక మాసం. చంద్రుడి లెక్కన 12 నెలలంటే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. మన పంచాంగం ఈ లోటును పోగుచేసి, సుమారు 32, 33 నెలలకోసారి ఒక నెల అదనంగా వేసి సరిచేస్తుంది. అందుకే ఉగాది ఎంత జరిగినా మార్చి, ఏప్రిల్ దాటదు, మామిడికాయ దొరకని కాలంలో రాదు. ఇస్లామిక్ క్యాలెండర్‌లో ఈ అదనపు నెల లేదు, వేయకూడదు కూడా. కాబట్టి రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ, 33 ఏళ్లలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ చుట్టి వస్తుంది.

2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. పరాభవ నామ సంవత్సరానికి 13 నెలలన్నమాట. దాంతో 2027 ఉగాది ఏప్రిల్ 7కి వెళ్లిపోయింది. రంజాన్ మాత్రం తన దారిన తాను మార్చి 10 దరిదాపుల్లోకి వచ్చేసింది. ఇక నుంచి అధిక మాసం వచ్చినప్పుడల్లా దూరం మరో నెల పెరుగుతుంది. మళ్లీ కలవడానికి మూడు దశాబ్దాలు పడుతుంది, అప్పటికి మీరు రిటైరై ఉంటారు.

ఇంకో చిక్కు ఇప్పుడే చెప్పేస్తాను, మీ సాఫ్ట్‌వేర్ వాళ్ల చెవిన వేయండి. 2030లో రంజాన్ మాసం రెండుసార్లు మొదలవుతుంది, జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబర్ చివర్లో ఇంకోసారి. 2033లో పండుగే రెండుసార్లు వస్తుంది. 2000లోనూ అలాగే జరిగింది. జనవరిలో ఒక రంజాన్, డిసెంబర్‌లో ఒకటి. ఆ ఏడాది నేనింకా ఈ పనిలోకి రాలేదు గానీ, ‘ఏడాదికి ఒక్కటే’ అని సిస్టంలో రాసి పెట్టుకున్నవాళ్ల అవస్థ తర్వాత సీనియర్ల నోట విన్నాను.

మన ఊరికి ఈ గొడవ కొత్తది కాదు. మీ ఇంట్లో పాత పహాణీ (భూమి రికార్డు) నకలు ఉంటే తీసి చూడండి, పైన ‘ఫసలీ’ అని ఒక అంకె ఉంటుంది. 1364 ఫసలీ అంటే 1954-55. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసల్ అంటే పంట. అక్బర్ కాలంలో పుట్టిన లెక్క ఇది. హిజ్రీ, అంటే ఇస్లామిక్ సంవత్సరం ప్రకారం శిస్తు వసూలు చేస్తే ఏమవుతుంది? ఏటా 11 రోజులు ముందుకు జరిగి జరిగి, కొన్నేళ్లకు పంట చేలో ఉండగానే శిస్తు కట్టమని మనిషి వచ్చి నిలబడతాడు. అందుకని పండుగలకు హిజ్రీని ఉంచుకుని, శిస్తుకు సూర్యుడి లెక్కన ఫసలీ పెట్టుకున్నారు. నిజాం రాజ్యంలో సర్కారీ కాగితాల మీద అజూర్, దై, బహమన్ అంటూ నెలల పేర్లు ఉండేవి. మా తాత చివరిదాకా నోటు పుస్తకంలో వాటినే రాసుకునేవారు. పెళ్లి ముహూర్తానికి మాత్రం పంచాంగమే. ఆయన బడికి వెళ్లిన రోజుల్లో శుక్రవారం సెలవట, ఆదివారం బడి ఉండేదట. ఒకే మనిషి మూడు లెక్కలతో బతికాడు, ఏ లెక్క దేనికో ఆయనకు స్పష్టంగా తెలుసు. మీరు చేయాల్సిందీ అదే. అన్నిటినీ కుదించి ఒకటి చేయాలని చూడకండి. ప్రతి పండుగ పక్కనా అది ఏ లెక్క మీద నడుస్తుందో రాయండి.

నా ఎక్సెల్ షీట్‌లో తేదీ పక్కన ఇంకో గడి ఉండేది. అందులో మూడే మాటలు: ‘ఖాయం’, ‘లెక్క’, ‘చంద్రుడు’. జనవరి 26, డిసెంబర్ 25 లాంటివి ఖాయం. ఉగాది, దీపావళి, గుడ్ ఫ్రైడే, యూదుల యోమ్ కిప్పూర్ లెక్క. వీటిని ముందే గణించొచ్చు, కాకపోతే లెక్క తెలిసుండాలి. రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాద్ ఉన్ నబీ చంద్రుడు. వీటి తేదీ లిస్ట్‌లో ఉన్నా అది అంచనానే.

‘లెక్క’ అన్నంత మాత్రాన గొడవ లేదనుకోకండి. తిథి అంటే 24 గంటల రోజు కాదు. ఒక్కోసారి 20 గంటల్లోపే అయిపోతుంది, ఒక్కోసారి 26 గంటల దాకా సాగుతుంది. అది అర్ధరాత్రి మారదు, పొద్దున మారదు, ఎప్పుడు పడితే అప్పుడు మారుతుంది. మామూలుగా సూర్యోదయానికి ఉన్న తిథిని ఆ రోజు తిథి అంటాం. కానీ ఒక్కో పండుగకు ఒక్కో నియమం. వినాయక చవితికి మధ్యాహ్నం చవితి ఉండాలి. దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి. శివరాత్రికి రాత్రి చతుర్దశి చూడాలి. తిథి తగులు మిగులుగా వస్తే, అంటే కొంత ఈ రోజు, కొంత రేపు ఉంటే, పంచాంగకర్తల మధ్య వాదం మొదలవుతుంది.

2024 దీపావళి గుర్తుందా? అక్టోబర్ 31 మధ్యాహ్నం దాటాక అమావాస్య వచ్చి నవంబర్ 1 సాయంత్రం దాకా ఉంది. రెండు సాయంత్రాలకూ ఎంతో కొంత తగిలింది. మన దగ్గర 31న చేసుకున్నారు, దేశంలో కొన్నిచోట్ల 1న చేసుకున్నారు. మా కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఆ వారం పని కంటే దీపావళి చర్చే ఎక్కువ జరిగింది. విచిత్రం ఏమిటంటే, న్యూజెర్సీలో ఉన్న మా వాళ్లకు ఏ సందేహమూ లేదు. అక్కడి గడియారంలో అమావాస్య 31 తెల్లవారుజామున మొదలై 1 ఉదయానికే అయిపోయింది. సాయంత్రం ఒక్కటే తగిలింది, 31దే. కాబట్టి అమెరికా టీం ఉన్నవాళ్లు హైదరాబాద్ పంచాంగం తేదీని గుడ్డిగా వాళ్లకు అంటించొద్దు. పండుగ ఒకటే అయినా తేదీ ఊరిని బట్టి మారుతుంది.

సంక్రాంతి మాత్రం చంద్రుడి మాట వినదు, అది పూర్తిగా సూర్యుడిది. ‘జనవరి 14’ అని తలలో ముద్ర పడిపోయింది గానీ, సూర్యుడు మకరంలోకి ప్రవేశించే ఘడియ నెమ్మదిగా వెనక్కి జరుగుతోంది, సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున. మన రాశుల లెక్క నక్షత్రాలను బట్టి, ఇంగ్లిషు క్యాలెండర్ రుతువులను బట్టి నడవడమే కారణం. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు. ఆ రోజు 1863 జనవరి 12. ఇప్పుడు ఆ పండుగ 14కో 15కో వస్తోంది. 2027లో ప్రవేశం 14 రాత్రి కాబట్టి పండుగ 15న.

ఇక చంద్రుడి దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీలో పనిచేస్తున్నప్పుడు రంజాన్ తేదీని ఖాయం అనుకుని నైట్ షిఫ్ట్ క్యాబ్‌లు అన్నీ ఆ రోజుకు రద్దు చేయించాను. ఆ సాయంత్రం ఎక్కడా నెలవంక కనిపించలేదు. రాత్రి 8 దాటాక తెలిసింది పండుగ ఎల్లుండికి జరిగిందని. అంటే మర్నాడు మామూలు పని దినం. ఉద్యోగులు ఉన్నారు, క్యాబ్‌లు లేవు. మా టీంలో ఒక ముస్లిం అబ్బాయి, నా కంటే పదేళ్లు చిన్నవాడు, ఫోన్ చేసి, ‘సార్, చాంద్ కనిపించేదాకా మా అమ్మ కూడా షీర్ ఖుర్మాకు పాలు తెప్పించదు, మీరు క్యాబ్‌లు ఎలా రద్దు చేశారు?’ అన్నాడు. అప్పట్నుంచి నేను ఆ పాల లెక్కే పాటించాను. 29వ రోజు సాయంత్రం, నెలవంక కనిపించిందో లేదో తేల్చే రూయతే హిలాల్ కమిటీ మాట వచ్చేదాకా ఏదీ రద్దు చేయలేదు, ఏదీ ఖరారు చేయలేదు. రెండు రోజులకూ సగం సగం మనుషులను సిద్ధంగా ఉంచి, వార్త వచ్చాక ఒక మెసేజ్‌తో తేల్చేవాణ్ని.

రియాద్‌లో మాత్రం మీ ఇక్కడి తేదీ పనికిరాదు. అక్కడ నెలవంక సాధారణంగా మనకంటే ఒక రోజు ముందు. 2024లో వాళ్ల పండుగ ఏప్రిల్ 10, మనది 11. 2025లో వాళ్లది మార్చి 30, మనది 31. లిస్ట్‌లో ‘రంజాన్’ అని ఒక్క గీత గీస్తే ఎవరో ఒకరు ఖాళీ ఆఫీసుకు ఫోన్ చేస్తారు. రెండు గీతలు గీయండి. రంజాన్ నెలంతా అక్కడ పని గంటలు తగ్గుతాయన్నది కూడా రాసి పెట్టుకోండి. సౌదీలో ముస్లిం ఉద్యోగులకు రోజుకు 6 గంటలే, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ (యూఏఈ)లో రోజుకు 2 గంటలు తక్కువ. ఆ నెలలో డెలివరీ పెట్టుకుని ‘క్లయింట్ జవాబివ్వట్లేదు’ అని బాధపడేవాళ్లను ఎందరినో చూశాను.

ఇంకొకటి. మనకు రోజు సూర్యోదయంతో మొదలు, ఇంగ్లిషు వాళ్లకు అర్ధరాత్రితో, ముస్లింలకు, యూదులకు సూర్యాస్తమయంతో. టెల్ అవీవ్ వాళ్ల క్యాలెండర్‌లో యోమ్ కిప్పూర్ ఫలానా తేదీ అని ఉంటే, ముందు రోజు మధ్యాహ్నానికే అక్కడ ఎవరూ ఉండరని అర్థం. వాళ్ల వారపు విశ్రాంతి రోజు షబ్బాత్ కూడా అంతే, శుక్రవారం సాయంత్రం నుంచి. ముచ్చటేమిటంటే యూదుల క్యాలెండర్ మనకు దగ్గరి చుట్టం. వాళ్లూ చంద్రుడి నెలలే లెక్కిస్తారు, 19 ఏళ్లలో 7 సార్లు అధిక మాసం వేస్తారు. కానీ వాళ్ల లెక్క సూత్రం ప్రకారం ముందే కట్టేసింది. వందేళ్ల తర్వాతి తేదీ అడిగినా తడుముకోకుండా చెప్పగలరు. మన దగ్గర వచ్చే ఏటి దీపావళికే ఇద్దరు సిద్ధాంతులు కావాలి.

వారపు సెలవుల విషయంలో అసలు సమస్య మన బుర్రలోనే ఉంటుంది. ఆదివారం సెలవు అనేది సృష్టి మొదటి నుంచీ ఉన్నట్టు అనుకుంటాం. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు 1890 జూన్ 10న దక్కింది, నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే. పాకిస్తాన్‌లో 1977లో శుక్రవారం సెలవు పెట్టారు, 1997లో మళ్లీ ఆదివారానికి మార్చారు. బ్రూనైలో ప్రభుత్వ ఆఫీసులకు శుక్ర, ఆదివారాలు సెలవు, నడుమ శనివారం పని. అది చదివినప్పుడల్లా ఆ శనివారం పొద్దున ఆఫీసుకు వెళ్లే గుమాస్తా ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటాను. ఫ్రాన్స్‌లో విప్లవం తర్వాత పది రోజుల వారం పెట్టి కొన్నేళ్లకే వదిలేశారు. సోవియట్ రష్యా 1929లో ఐదు రోజుల వారం, తర్వాత ఆరు రోజుల వారం ప్రయత్నించి 1940లో మళ్లీ ఏడుకే వచ్చింది. వారంలో ఏ రోజు సెలవు అన్నది మార్చొచ్చు గానీ, ఏడు అన్న అంకెను కదిలించడం ఎవరి వల్లా కాలేదు.

2013 జూన్ నాటి సంగతి చెప్తాను. అప్పట్లో మా టీం ఒక సౌదీ క్లయింట్‌కు సపోర్ట్ ఇచ్చేది. వాళ్లకు గురు, శుక్రవారాలు సెలవు. మా రోస్టర్ మొత్తం దాని మీదే కట్టింది, మనుషుల పిల్లల స్కూల్ టైమింగులతో సహా. జూన్ 23న రాజు ఉత్తర్వు వచ్చింది, ఇక నుంచి శుక్ర, శనివారాలు సెలవని. అమలు 29 నుంచే. మధ్యలో వారం కూడా లేదు! కారణం సబబే, మిగతా ప్రపంచంతో వాళ్లకు కలిసే పని రోజులు పెరగాలి. కానీ 40 మంది రోస్టర్‌ను ఐదు రోజుల్లో తిరగరాసింది నేను. ఎమిరేట్స్ మాత్రం మర్యాదగా ముందే చెప్పింది. 2021 డిసెంబర్‌లో ప్రకటించి 2022 జనవరి 1 నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం దాకా పని అంది. షార్జా అక్కడితో ఆగకుండా శుక్రవారం కూడా పూర్తి సెలవు ఇచ్చేసింది. కాబట్టి ‘గల్ఫ్ వీకెండ్’ అనే మాట మీ లిస్ట్‌లో కనిపిస్తే కొట్టేయండి. దుబాయ్ వేరు, షార్జా వేరు, రియాద్ వేరు.

మీ నాలుగు క్లయింట్లలో రియాద్, టెల్ అవీవ్‌లకు ఆదివారం వారంలో మొదటి పని రోజు. అరబ్బీలో ఆదివారం పేరే ‘ఒకటో రోజు’, హీబ్రూలోనూ అంతే. మన ‘ఆదివారం’లోని ఆది కూడా మొదలు అనే అర్థంలోనిదే అని చాలామంది అనుకుంటారు గానీ, అది ఆదిత్యుడి నుంచి వచ్చింది. మీరు సోమ నుంచి శుక్ర, వాళ్లు ఆది నుంచి గురు అయితే ఇద్దరికీ కలిసేవి నాలుగు రోజులే. గురువారం సాయంత్రం మీరు పంపిన మెయిల్‌కు జవాబు ఆదివారం వస్తుంది, దాన్ని మీరు సోమవారం చూస్తారు. నాలుగు రోజులు పోయాయి, ఎవరి తప్పూ లేదు. అందుకే ఆ క్లయింట్లున్న చోట గురువారం మధ్యాహ్నం 2లోపు అన్ని ప్రశ్నలూ పంపేయాలని నియమం పెట్టాను. రియాద్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి అప్పటికి అక్కడ ఇంకా పదకొండున్నరే, జవాబిచ్చే తీరిక ఉంటుంది.

పని రోజులు లెక్కపెట్టడానికి ఎక్సెల్‌లో మామూలు నెట్‌వర్క్‌డేస్ ఫార్ములా వాడకండి, అది శని, ఆదివారాలనే సెలవనుకుంటుంది. పక్కనే ‘ఇంటల్’ (INTL) అనే తోక ఉన్న ఇంకో ఫార్ములా ఉంటుంది. అందులో సెలవు రోజులను మీరే చెప్పొచ్చు. 7 అని ఇస్తే శుక్ర, శని. 11 అంటే ఒక్క ఆదివారం, 16 అంటే ఒక్క శుక్రవారం. ఒక్కో క్లయింట్‌కు ఒక్కో షీట్, వాళ్ల సెలవుల వరుస వేరుగా పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

టోక్యోతో పెద్ద ఇబ్బంది ఉండదు, వాళ్లవి చాలావరకు ఖాయం లేదా ఫలానా సోమవారం అని ఉంటాయి. ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా గోల్డెన్ వీక్, ఆ రోజుల్లో ఏమీ పెట్టుకోకండి. ఆగస్టు మధ్యలో వచ్చే ఓబోన్ మాత్రం ప్రభుత్వ సెలవుల లిస్ట్‌లో ఉండదు, అయినా సగం కంపెనీలు మూసే ఉంటాయి. మన వినాయక నిమజ్జనం గుర్తు తెచ్చుకోండి. మీ కంపెనీ సెలవిచ్చినా ఇవ్వకపోయినా, ఆ రోజు ట్యాంక్‌బండ్ వైపు నుంచి ఎవరైనా టైమ్‌కు ఆఫీసుకు వస్తారా?

నిమజ్జనం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2023లో సెప్టెంబర్ 28న అనంత చతుర్దశి, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు పడ్డాయి. నగరంలో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. 2024లో కూడా రెండూ దగ్గరగా వచ్చి ఊరేగింపు సెప్టెంబర్ 19కి జరిగింది. పండుగ తేదీ వేరు, రోడ్ల మీద అది జరిగే తేదీ వేరు కావచ్చు. మీకు రవాణా ముఖ్యం కనుక రెండోది కూడా రాసుకోండి. బోనాలు కూడా అంతే. ఆషాఢ ఆదివారాల్లో ముందు గోల్కొండ, తర్వాత ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ. సెలవు లిస్ట్‌లో ఒక్క సోమవారమే కనిపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం నెలంతా.

సెలవులు ఎన్ని, ఏవి అన్నది మీ ఇష్టం మాత్రమే కాదు. ఇక్కడి సంస్థలకు 1974 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం ఉంది. దాని ప్రకారం జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2 తప్పనిసరి. మిగతా పండుగలు ఏవో ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలి. ఈ మాట్లాడటం అనే పనిని చాలామంది ఎగ్గొడతారు, తర్వాత ఏడాదంతా పడతారు. మీ టీంలో కోస్తా వాళ్లు ఎక్కువా, తెలంగాణ జిల్లాల వాళ్లు ఎక్కువా చూడండి. మొదటి రకానికి సంక్రాంతి మూడు రోజులూ కావాలి, రెండో రకానికి సద్దుల బతుకమ్మ, దసరా కావాలి. ఉద్యోగి మొహమాటానికి పైకి చెప్పడు, ఆ రోజు సిక్ లీవ్ పెడతాడు అంతే. రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు ఐచ్ఛిక సెలవుల్లోంచి ఐదు ఎంచుకోనిస్తుంది. ఆ పద్ధతి ప్రైవేటులో కూడా బాగా పనిచేస్తుంది. మా ఆఫీసులో ఒక పార్సీ ఆవిడ ఉండేవారు, సికింద్రాబాద్ నుంచి వచ్చేవారు. వాళ్ల పాత క్యాలెండర్‌లో లీపు రోజు లేదు కాబట్టి కొత్త సంవత్సరం జరుగుతూ జరుగుతూ ఆగస్టుకు వచ్చేసింది. ఆ సెలవు ఆవిడ ఒక్కరికే కావాలి. 200 మందికి ఇవ్వనక్కర్లేదు, ఆవిడకు ఇవ్వకుండా ఉండనూ కూడదు. ఐచ్ఛికం పెట్టాక ఆ ఇబ్బంది తీరింది.

తప్పనిసరి రోజులు శని, ఆదివారాల్లో పడితే ఏం చేయాలన్నది కూడా ముందే రాసి పెట్టండి, ఎందుకంటే 2027 అలాంటి ఏడాదే. మే 1 శనివారం, ఆగస్టు 15 ఆదివారం, అక్టోబర్ 2 శనివారం, క్రిస్మస్ కూడా శనివారమే. బ్రిటన్‌లో ఇలాంటప్పుడు బదులు సెలవు ఇచ్చే నియమం ఉంది, జపాన్‌లో ఆదివారం పడితే ఇస్తారు. మన దగ్గర లేదు, పోయింది పోయినట్టే. 2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతి నాడు వచ్చింది. ఒక సెలవు పోయిందన్న బాధ కంటే, దసరా నాడు మటన్ దుకాణాలు మూసేస్తారన్న బాధే మా ఆఫీసులో ఎక్కువ వినిపించింది. పైగా తెలంగాణలో జనవరి 1న సెలవు ఇచ్చి, దానికి బదులు ఫిబ్రవరి రెండో శనివారం పని చేయించిన ఏళ్లున్నాయి, 2024లో ఫిబ్రవరి 10న అలాగే చేశారు. చైనాలో పెద్ద సెలవుల ముందూ వెనకా ఆదివారాలు పని చేయించే పద్ధతి ఉంది, మనది దానికి చిన్న తమ్ముడు.

పేరోల్ కూడా మీరే చూస్తారని రాశారు కాబట్టి 2025 మార్చి నెలాఖరు చెప్తాను. 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్, ఏప్రిల్ 1న బ్యాంకులకు వార్షిక లెక్కల సెలవు. ప్రభుత్వ లావాదేవీల కోసం 31న బ్యాంకులు తెరవమని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది గానీ అది మన జీతాల కోసం కాదు. కానీ 29 ఐదో శనివారం. బ్యాంకులకు రెండు, నాలుగు శనివారాలే సెలవు కనుక అది పని దినం. ఆ ఒక్క రోజును ముందే చూసుకున్నవాళ్ల ఉద్యోగులకు పండుగకు చేతిలో డబ్బుంది. మిగతావాళ్లవి ఏప్రిల్ 2న పడ్డాయి.

ఇక మీ వరుస సెలవుల ఆశ. 2027లో ఉగాది బుధవారం. రంజాన్ మార్చి 10నే అయితే అదీ బుధవారమే. రెండూ వారం నడుమే, అటూ కలవవు, ఇటూ కలవవు. మీకు నిజంగా కలిసొచ్చేది సంక్రాంతి. 14 గురువారం భోగి, 15 శుక్రవారం పండుగ, 16 శనివారం కనుమ, ఆపైన ఆదివారం. ప్రభుత్వ జీవోతో ఒకసారి సరిచూసుకుని లిస్ట్ డిసెంబర్ మొదటి వారంలోనే అందరికీ పంపేయండి. విజయవాడ వైపు వెళ్లేవాళ్లను 13 మధ్యాహ్నానికే వదిలేయండి. సాయంత్రం బయల్దేరితే పంతంగి టోల్‌గేట్ దగ్గరే భోగి మంట చూడాల్సి వస్తుంది.